పసుపు దారం కట్టిన తాళంచెవి

నా నవల చదివిన అమ్మాయిలు నాకు రాసే ఉత్తరాల్లో, ఉత్తరాలంటే ఉత్తరాలు కావు, ఫోన్లో కథ కింద రాసే రెండు ముక్కలు, ఎక్కువగా ఒకే మాట ఉంటుంది. రుద్రవర్ధన్ లాంటి మొగుడు దొరకాలంటే ఏ దేవుడికి మొక్కుకోవాలి మేడమ్ అని. రుద్రవర్ధన్ నా నవలలో హీరో. అతను హీరో అన్న సంగతి నాకు నవల బయటికొచ్చాకే తెలిసింది. నేను రాసేటప్పుడు అతను దుర్మార్గుడు. పెళ్ళాన్ని లోపల పెట్టి తాళం వేసి ఆఫీసుకు పోతాడు. పగలు ఆమె ఎవరితో మాట్లాడిందో సాయంత్రం ఒక్కొక్కటే రాబడతాడు. వస్తూ మల్లెపూలు తెచ్చి తనే ఆమె జడలో తురుముతాడు. ఇలాంటివాణ్ణి చూసి జనం చీదరించుకుంటారని నమ్మి, ఉన్నదున్నట్టు రాద్దామన్న నిజాయితీ కొద్దీ అతనికి ఆరడుగుల ఎత్తూ కోటేరు ముక్కూ కూడా ఇచ్చాను. అసలు మనిషి అలాగే ఉండేవాడు మరి. ఆ ముక్కు నా కొంప ముంచింది.

నేను ఆ నవలకు ‘గడియ’ అని పేరు పెట్టి పంపాను. కథలు పెట్టే ఆ యాప్ కంపెనీలో నాతో మాట్లాడే అమ్మాయి దాన్ని ‘నీ ఊపిరి నా బందీ’ అని మార్చింది. ‘గడియ’ అంటే టైమ్ గురించి అనుకుంటారండీ అంది. దీన్ని డార్క్ రొమాన్స్ వరుసలో పెడుతున్నాం అని కూడా చెప్పింది. కరెంటు కోతల కాలం నాటి ప్రేమకథ అనుకుంటోంది కాబోలు, పోనీలే, ఆ కాలం కథే కదా అని ఊరుకున్నాను. ఆ తరువాత బొమ్మ వేయించారు. విప్పిన చొక్కా గుండీలతో ఒకడు, వాడి వేలికి వేలాడుతూ పెద్ద తాళంచెవి. ముప్ఫయ్యేళ్ళు కథలు రాసి నేను సంపాదించలేని పేరు ఆ గుండీలు నాకు నాలుగు నెలల్లో తెచ్చిపెట్టాయి. ఇప్పుడు దాన్ని పుస్తకంగా అచ్చు వేస్తారట. మొదట్లో ‘ఈ నవలకు నా ప్రేరణ’ అని ఒక పేజీ రాసివ్వమంటున్నారు. పాజిటివ్‌గా ఉండాలిట.

ఆ పేజీ రాయలేక తంటాలు పడుతున్న రోజుల్లోనే ఒక ఆదివారం ఇద్దరమ్మాయిలు మా ఫ్లాట్‌కి వచ్చారు. మేముండేది దిల్‌సుఖ్‌నగర్లో, నేను పెరిగిన సందులోనే. మా బాల్కనీకి ఎదురుగా అయిదంతస్తుల లేడీస్ హాస్టల్ ఉంటుంది. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ కోచింగ్ తీసుకునే పిల్లలు అందులో ఒక్కో గదికి నలుగురు చొప్పున ఉంటారు. వచ్చిన వాళ్ళలో కళ్ళద్దాల పిల్ల పేరు స్రవంతి, సూర్యాపేట వైపు. రెండో పిల్ల మాట్లాడలేదు, అన్నింటికీ తల ఊపింది.

“మేడమ్, రుద్రవర్ధన్‌కు ఇన్‌స్పిరేషన్ ఎవరు? సార్ గట్లనే ఉండెటోడా?” అని అడిగింది స్రవంతి.

సరిగ్గా అప్పుడే మా ఆయన అగ్గిపెట్టె ఎక్కడుందో తెలియక వంటింట్లోంచి నన్ను మూడోసారి పిలిచాడు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, సమాధానం తమంతట తామే గ్రహించారు. “ఎవరూ లేరమ్మా, అంతా ఊహే,” అన్నాను నేను. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత నున్నగా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది. వాళ్ళకు మాత్రం నిరాశగా ఉన్నట్టనిపించింది. టీ తాగుతూనే స్రవంతి ఫోన్లో టైమ్ చూసుకుని లేచింది. “ఏడు కొడితే గ్రిల్‌కు తాళమేస్తరు మేడమ్. వార్డెన్ ఆంటీ ఎవర్నీ ఇనదు.” తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది అని అడగబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు. దాన్ని నా చిన్నతనంలో ఒకామె అడుగుతుండేది.

ఆ వారంలోనే రెండు జరిగాయి. మొదటిది, మా అమ్మ పోయి ఏడాదైందని ఆవిడ ట్రంకుపెట్టె తీస్తే అందులో పాత బిస్కెట్ల డబ్బా, ఆ డబ్బాలో తాళంచెవుల గుత్తి కనబడ్డాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. పసుపు దారం ఉన్నదాన్ని చూడగానే గుర్తుపట్టాను. రెండోది, నా నవల కింద ఎర్ర గుండెకాయల బొమ్మల మధ్య ఎవరో పిల్ల రాసిన నాలుగు వాక్యాలు. ‘మేడమ్, మా అమ్మమ్మకు మీ నవల చదివి వినిపించిన. ఆమె పేరు సరోజ. మీ పక్క పోర్షన్ల ఉండెనంట. మిమ్మల్ని ఒక మాట అడగాలంటుంది, ఫోన్ల అడగదంట.’ కింద బాటసింగారం పండ్ల మార్కెట్‌కు ఎట్లా రావాలో రాసి ఉంది. నేను ఫోన్ బోర్లా పెట్టి, అప్పటికే కడిగిన బియ్యాన్ని మళ్ళీ కడిగాను. ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసనిపించింది. పాతికేళ్ళ పిల్లలు కోటేరు ముక్కుకు పడిపోతే నవ్వుకోవచ్చు. సరోజక్క మొహం ఎట్లా చూడాలో మాత్రం తోచలేదు.

ఇప్పుడు హాస్టల్ ఉన్న చోట అప్పుడు ఓనరు ఎక్కడో ఊళ్ళో ఉండే పెంకుటిల్లు ఉండేది. రెండు పోర్షన్లు, మధ్యలో ఒకటే గోడ, ముందు పొడుగాటి వరండా, వరండా చివర ఇద్దరికీ కలిపి ఒక నల్లా. కృష్ణా జిల్లా నుంచి నాన్న ఉద్యోగానికి వచ్చి అందులో దిగాం. కొత్తపేట పండ్ల మార్కెట్టు మాకు కూతవేటు దూరంలో ఉండేది. వేసవిలో గాలి ఇటు తిరిగితే వరిగడ్డిలో మగ్గిన మామిడిపళ్ళ వాసన, రెండు వానలు పడ్డాయంటే కుప్పగా పోసిన తొక్కల కుళ్ళు వాసన. అమ్మ రెండింటికీ ఒకే అగరొత్తు వెలిగించేది. నాన్న మాత్రం, ఇంత వాసన ఉచితంగా పీల్చి మళ్ళీ పళ్ళు కొనడం ఎందుకని కొనేవాడు కాదు. ఇప్పుడా మార్కెట్టు ఊరవతలికి పోయింది. మా సందుకి ఇప్పుడు జిరాక్సు మిషన్ల వేడి వాసన, హాస్టల్ సాంబారు వాసన మిగిలాయి.

మా అమ్మకు ఒక పద్ధతుండేది. ఇంట్లో తాళం వెయ్యదగ్గ ప్రతిదానికీ తాళం వేసేది. తాళంచెవులన్నీ వంటింట్లో కాలెండరు పక్కన వరసగా కొట్టిన మేకులకు తగిలించేది. బీరువాకి ఎర్ర దారం, ఊరగాయల అలమారకి ఆకుపచ్చ దారం, సరోజకి పసుపు దారం. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. అమ్మే అట్లా చెప్పేది. “కల్యాణీ, ఆకుపచ్చది ఊరగాయలదే, పసుపుది సరోజది. మార్చి పెట్టకు,” అనేది.

పక్క పోర్షన్లో ఉన్న ప్రభాకర్‌దీ సరోజదీ నల్గొండ వైపు పల్లెలు. అతను ఏదో మందుల కంపెనీలో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. పొద్దున తొమ్మిదింటికి గ్రిల్ తలుపుకి బయటినుంచి తాళం వేసి, ఒక తాళంచెవి జేబులో వేసుకుని, రెండోది తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టేవాడు. “అక్కా, దినాలు మంచిగ లెవ్వు. ఆమెకు పట్నం కొత్త. నల్లా వొచ్చినప్పుడు తియ్యుండ్రి, నీళ్ళు పట్టుకోంగనే ఎయ్యుండ్రి.” అంతే. బెదిరింపు లేదు, అరుపు లేదు. పసుపు కుంకుమ ఇచ్చినంత మర్యాదగా ఇచ్చేవాడు, అమ్మ అంత మర్యాదగానూ పుచ్చుకునేది. వీధిలో ఇంకెవరికీ ఇవ్వకుండా మనకే ఇచ్చాడు చూశావా, అని ఆవిడకు పొంగు. సాయంత్రం అతను మూర మల్లెపూలు ఆకులో చుట్టి తేవడం వీధి వీధంతా చూసేది. “ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో,” అని అమ్మ మా నాన్న వినేలా అనేది. నాన్న పేపరు తిప్పేవాడు. కొన్ని సాయంత్రాలు గోడ అవతలినుంచి వేరే చప్పుళ్ళు వచ్చేవి. అప్పుడు అమ్మ లేచి రేడియో పెంచేది. ఆ లెక్కన మాకు వార్తలన్నీ బాగా వినపడేవి.

నేను పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవి అది. రోజు విడిచి రోజు పదకొండింటికి నల్లా వచ్చేది. పసుపు దారం తాళంచెవి పట్టుకుని వెళ్ళి గ్రిల్ తియ్యడం, సరోజక్క నాలుగు బిందెలు పట్టుకునేదాకా నిలబడడం, మళ్ళీ తాళం వెయ్యడం నా డ్యూటీ. ఆమెకప్పుడు ఇరవై రెండేళ్ళుంటాయి. జైలరుకు జీతమైనా ఉంటుంది. నేను ఆ ఉద్యోగం కేవలం అభిమానం కొద్దీ చేశాను, పైగా నాకు అందులో థ్రిల్ ఉండేది. ఎందుకంటే వారపత్రికల్లో నేను మింగుతున్న సీరియళ్ళలో హీరోలందరూ ఇదే పని చేస్తుండేవాళ్ళు. కాకపోతే వాళ్ళవి బంగళాలు.

నీళ్ళు లేని రోజుల్లో కూడా నేను వారపత్రిక పట్టుకుపోయి గ్రిల్ ఇవతల గడప మీద కూర్చునేదాన్ని. సరోజక్క అయిదో తరగతితో ఆపేసింది, కూడబలుక్కుని చదివేది. అందుకని నేను పైకి చదివితే ఆమె గ్రిల్ అవతల చాటలో కందిపప్పు ఏరుతూ వినేది. చివర ‘వచ్చేవారం’ అని పడ్డాక ఊరుకునేది కాదు. “తర్వాత ఏమైతది, చెప్పవా,” అనేది. నాకు మాత్రం ఏం తెలుసు. తోచింది కల్పించి చెప్పేదాన్ని. నా రచనా వ్యాసంగం మొదలైంది ఆ గడప మీదనే. సన్మాన సభల్లో నేను గ్రంథాలయం అని చెప్తుంటాను, బావుంటుందని.

ఆ వేసవి సీరియల్లో హీరో ఒక అమ్మాయిని తీసుకొచ్చి బంగళాలో పెట్టి తాళం వేశాడు. అతని కళ్ళల్లో నిప్పులు, గుండెల్లో బాధ, అన్నీ నేను నటించి చదివాను. సరోజక్క పప్పు ఏరడం ఆపి అడిగింది. “గా చాబీ ఎవరి తాన ఉంటది?”

“హీరో దగ్గరే ఉంటుందక్కా.”

“ఆయన కార్ల తిరుగుతుండె కదా. బంగళాకు అగ్గి అంటుకుంటె ఎవరు తీస్తరు? వంటామె లోపటికి ఎట్ల పోతది? ఎవరి తాననో ఒగరి తాన ఉంటది. గాళ్ళ పేరు రాయలే?”

నాకు విసుగొచ్చింది. ఇంత గొప్ప ప్రేమకథ చదువుతుంటే వంటమనిషి గోల ఏమిటి అనుకున్నాను. ఆ తరువాత కూడా ఆమె ప్రతి వారం అదే అడిగింది, నేను ప్రతి వారం విసుక్కున్నాను. నా ఒడిలో పసుపు దారం తాళంచెవి పెట్టుకునే విసుక్కున్నాను.

మే నెల చివర్లో పండ్ల మార్కెట్టుకు బత్తాయి లారీల్లో వచ్చే సరోజక్క పుట్టింటి ఊరామె ఒకతి, లారీ ఖాళీ అయ్యేలోపు మా సందులోకి వచ్చి గ్రిల్ ముందు నిలబడి మాట్లాడి పోయింది. మర్నాడు నల్లా దగ్గర సరోజక్క బిందె కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. “ఒక్కపూట ఇడిసిపెట్టు కల్యాణీ. మా అమ్మకు పానం మంచిగ లేదు. సోమారం పొద్దుగాల బస్సుల ఎల్‌బీ నగర్ల దిగుతదంట. దవాఖానకు తోల్కపోవాలె. ఆయన ఇంటికొచ్చేలోపల వొచ్చి లోపల కూసుంట. నువ్వు తాళమెయ్యి. ఎవ్వరికీ ఎరుక గాదు.”

నేను సరేనన్నాను. నిజంగానే అన్నాను. ఆదివారం దాకా అదే మాట మీద ఉన్నాను. కానీ ఆ వారం పత్రికలో హీరోయిన్ హీరో కాళ్ళ మీద పడి తల్లిని చూడాలని ఏడ్చింది. అతను కరిగిపోయి, తనే కారు తీసి, దారి పొడవునా ఆమె చెయ్యి వదలకుండా తీసుకెళ్ళాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. దొంగతనంగా ఎందుకు, ప్రభాకరన్నయ్యకు చెప్తే తనే తీసుకెళ్తాడు కదా, వాళ్ళిద్దరి మధ్య ఆ ఘట్టం జరిగితే ఎంత బావుంటుంది అనిపించింది. ఆదివారం సాయంత్రం అతను బజారుకెళ్ళి పూలతో వస్తుంటే గేటు దగ్గర ఆపి అంతా చెప్పేశాను. అతను పూర్తిగా విన్నాడు. చిరునవ్వు నవ్వాడు. ఆకు విప్పి, దండలోంచి జానెడు తెంపి నా చేతిలో పెట్టి, “మంచిపని చేసినవ్ చెల్లె,” అన్నాడు. నేనవి జడలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను.

ఆ సాయంత్రం అమ్మ రేడియో బాగా పెంచింది.

సోమవారం అతను ఎప్పటిలాగే తాళం వేసి తాళంచెవి తెచ్చిచ్చాడు. “ఆమెకు పానం బాగలేదక్కా, ఈ రోజు నల్లాకు గూడ తియ్యకుండ్రి,” అన్నాడు. అమ్మ తియ్యలేదు. నేను గ్రిల్ దగ్గరికి వెళ్ళి పిలిచాను. పలకలేదు. బుధవారం నల్లా వచ్చినప్పుడు ఆమె ఎడమ చెయ్యి కొంగులో చుట్టుకుని, ఒంటిచేత్తో బిందె ఈడ్చింది. ఆమె తల్లి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూచుని, ఎవరూ రాకపోతే తిరుగు బస్సెక్కి పోయిందని తరువాత ఊరామె చెప్పింది. సరోజక్క ఆ తరువాత నాతో మాట్లాడలేదు. నేను పత్రిక పట్టుకుని గడప మీద కూర్చుని చదివేదాన్ని. అవతల ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అయినా సీరియల్ ఆపడం ఇష్టం లేక నేను పైకే చదివేదాన్ని. నా గురించి నేను తల్చుకుని ఎక్కువ సిగ్గుపడేది దీనికే.

మూడు వారాలకు ఆ ఊరామే మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువసేపు నిలబడలేదు. సరోజక్క తల్లి పోయింది. ఆ కబురు తెలిసిన మర్నాడు నల్లా రోజు. నేను గ్రిల్ తీసి గడప మీద కూర్చుని కొత్త వారపత్రిక తెరిచాను. సరోజక్క నల్లా కింద బిందె పెట్టింది. కాసేపటికి నీళ్ళు వరండా మీదుగా నా పాదాల కిందికి వచ్చాయి. తలెత్తి చూస్తే బిందె నిండి పొర్లుతోంది, గేటు తెరిచి ఉంది, ఆమె లేదు.

అమ్మ వచ్చింది. వీధి వైపు ఒకసారి చూసింది. నల్లా కట్టేసి, ఆ బిందె తీసుకెళ్ళి పక్క పోర్షన్లో పొయ్యి పక్కన పెట్టి, బయటికొచ్చి, ఖాళీ ఇంటికి తాళం వేసింది. మూడుసార్లు లాగి చూసింది. తాళంచెవి మేకుకి తగిలించింది. “మనకి అప్పజెప్పింది తాళం. తాళం వేసి ఉంది,” అంది. ఇంక ఆ రోజంతా ఆ మాటే ఎత్తలేదు.

సాయంత్రం ప్రభాకర్ పూలతో వచ్చి, తన జేబులోని తాళంచెవితో తీసుకుని లోపలికెళ్ళి, అంతే వేగంగా బయటికొచ్చాడు. “అక్కా, తాళం ఏసే ఉన్నది కదా,” అన్నాడు. “వేసే ఉంది బాబూ, నేను మూడుసార్లు లాగి చూశాను,” అంది అమ్మ. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అతను వెనక గోడ చూశాడు, స్నానాల గది కిటికీ చూశాడు, పెంకులు లెక్కపెట్టినట్టు పైకి చూశాడు. వేసిన తాళం వేసినట్టుండగా మనిషి ఎట్లా మాయమైందని వీధిలో వారం రోజులు తర్కం నడిచింది. చేతబడి అన్నవాళ్ళూ ఉన్నారు. మమ్మల్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు. ఆ నెలాఖరుకు అతను పోర్షన్ ఖాళీ చేశాడు. మా మేకు మీది తాళంచెవి అడగడం మరిచిపోయాడు. అమ్మ ఆ తాళం భయంతో వేసిందో, సాయంత్రం దాకా ఆమె వెనక ఎవరూ పడకూడదనే వేసిందో నేను తేల్చుకోలేదు. ఆవిడ బతికుండగా అడగడానికి నాకు నోరు రాలేదు.

పోయిన బుధవారం బాటసింగారం వెళ్ళాను. మెట్రోలో ఎల్‌బీ నగర్ దాకా పోయి అక్కడ బస్సు పట్టుకోవాలి. స్టేషన్ మెట్లు దిగాక చౌరస్తా పక్కన ఆంధ్రా బస్సుల కోసం జనం నిలబడి ఉన్నారు. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూచున్న ముసలమ్మలు అందులో ఎప్పుడూ ఉంటారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ పక్కనుంచి వెళ్తూనే ఉన్నాను. ఆ రోజు మాత్రం వాళ్ళ దగ్గర నిలబడిపోయి ఒక బస్సు వదిలేసి రెండోది ఎక్కాను. హయత్‌నగర్ దాటేదాకా చేతిసంచీలోని తాళంచెవిని పట్టుకునే కూర్చున్నాను.

పెద్ద రేకుల షెడ్డు కింద బత్తాయిలు గుట్టలుగా పోసి ఉన్నాయి. సరోజక్క బోర్లించిన పెట్టె మీద కూర్చుని, కాయల్ని చేత్తో తూచినట్టు చూసి పెద్దవీ చిన్నవీ వేరు చేస్తోంది. జుట్టంతా తెల్లబడింది. ముక్కుపుడక మెరుస్తోంది. పక్కన ఫోన్ పట్టుకుని మనవరాలు భవాని. ఆ రోజు గేటు దాటిన మనిషి తిన్నగా కొత్తపేట మార్కెట్టుకు పోయి వాళ్ళ ఊరి లారీ ఎక్కిందట. తరువాత అదే మార్కెట్టుకు కాయలేరే పనికి వచ్చింది, అదే లారీ డ్రైవర్ని చేసుకుంది, ఇప్పుడు తన బేరం తనే చేసుకుంటోంది.

“ఏం కల్యాణీ, గింత లావైనవేంది,” అంది నన్ను చూసి.

ఛాయ్ తెప్పించింది. నవల బాగానే ఉందంది. ఏడుపు జర తగ్గిస్తే బాగుండేదంది. “గాయినను గంత సక్కగ రాసినవేంది?”

“చక్కగా ఉండేవాడు కదక్కా.”

“ఉండె,” అంది ఆమె, చేతిలోని కాయ తిప్పి చిన్నవాటిలో వేస్తూ. “నేనొకటి అడగాల్ననుకున్న. చాబీ ఎవరి తాన ఉండెనో రాయలేదేంది? పిల్లతోని రెండుసార్లు చదివిచ్చిన. యాడా లేదు. మీ అమ్మ లేదు, నువ్వు లేవు. నేను, గాయిన. గా ఇంట్ల ఇద్దరమే ఉన్నట్టు రాసినవ్. ఇద్దరే ఉంటె అది మొగుడు పెళ్ళాల ముచ్చటైతది. చదివినోళ్ళు గట్లనే అనుకుంటరు మరి.”

నాలుగు నెలలుగా పాఠకుల మీద, యాప్ మీద, ఆ చొక్కా గుండీల మీద నేను పెంచుకున్న వెటకారమంతా అక్కడ ఆ పెట్టెల మధ్య చల్లారిపోయింది. సంచీలోంచి తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాను. “తప్పు నాది అక్కా. మీ అమ్మ వస్తుందని ఆయనకు చెప్పింది నేనే.”

“ఎరుకే,” అంది సరోజక్క. “గా సోమారం నువ్వొచ్చి పిలిచినవ్ జూడు. నేను లోపలి నుంచి జూసిన. నీ జడల మా పూలే ఉండె.”

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. కాయలేరుతూనే ఉంది. కాసేపటికి తాళంచెవిని తీసుకుని పసుపు దారం వేలితో సవరించి, మళ్ళీ నా సంచీలో వేసింది. “నేనేం జేసుకోను. నీ తాననే ఉండనీ.” భవానిని పిలిచి పెద్ద కాయల్లోంచి ఒక కవరు నింపించింది. నేను వద్దంటే, “పట్టుకపో. మీ నాయిన కొననిస్తుండె గాదు,” అంది.

నేను మా సందులోకి వచ్చేసరికి ఏడు దాటింది. హాస్టల్ గ్రిల్‌కి తాళం పడింది. అవతల మెట్ల మీద స్రవంతి కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. గ్రిల్ సందుల్లోంచి ఒక్కొక్కటే బత్తాయిలు అందిస్తుంటే, “దేనికి మేడమ్ ఇవి?” అంది. ఆ రోజు నీకు అబద్ధం చెప్పానన్నాను. అక్కడే నిలబడి, ఆ నేల మీద ఉండిన ఇంటి సంగతీ, మేకుల సంగతీ, సోమవారం సంగతీ చెప్పాను. తాళంచెవి చూపించాను. ఆ పిల్ల దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

“అంటే గా చాబీ మీ దగ్గరే ఉండె. సోమవారం మీరే తీసి పంపియ్యొచ్చు గదా మేడమ్?”

“పంపచ్చు.”

“మరెందుకు పంపలే?”

ఆమె చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతోంది. రుద్రవర్ధన్ ఏ పేజీలోనో తాళం వేస్తూ ఆగిపోయి ఉంటాడు.

“నేనప్పుడు సీరియల్ చదువుకుంటున్నానమ్మా,” అన్నాను.